అటు తిరిగి తిను

మా ఇంట్లో బెల్లం డబ్బా అత్తమ్మ చేతి కింద ఉండేది. బెల్లమే కాదు, నూనె, చింతపండు, చివరికి ఒళ్ళు రుద్దుకునే సబ్బు కూడా ఆమె తీసి ఇస్తేనే. ఒకరోజు సాయంత్రం నా బిడ్డ ఆమెను బెల్లం ముక్క అడిగింది. అప్పటికి దానికి నాలుగు నిండి ఐదు నడుస్తోంది. అత్తమ్మ గోడకు ఆనుకొని కాళ్ళు చాపుకొని కూచుంది. బెల్లం ఎప్పుడో అయిపోయింది, పో అంది.

పిల్ల ఏడవలేదు. గోడ దగ్గరికి పోయి నిలబడింది. నేల నుంచి డబ్బాలు పెట్టే పై అర దాకా చీమలు బారు కట్టి ఉన్నాయి. వాటిని కాసేపు చూసి, అత్తమ్మ వైపు తిరిగి నెమ్మదిగా అడిగింది.

"నానమ్మ, బెల్లం అయిపోయిందని చీమలకు చెప్పలేదా?"

నేను అప్పుడే పని మీంచి వచ్చి, చీరైనా మార్చకుండా జొన్నపిండి కలుపుతున్నాను. నవ్వు ఆగలేదు. పిండి చేతులతోనే దాన్ని లాక్కుని రొమ్ముకు అదుముకొని, నా బంగారుతల్లీ, గింత తెలివి ఎక్కడిదే నీకు అన్నాను. అత్తమ్మ మోకాళ్ళు పట్టుకొని లేచింది. డబ్బా దించి, ముక్క తీసి, పిల్ల చేతిలో పెట్టింది. పెడుతూ నా మొహంలోకి చూసింది.

"కన్నతల్లి కన్ను పాము కన్నుకంటె చెడ్డది. అన్నవ్ గద. ఇగ సూడు."

దీపం పెట్టే వేళకు పిల్లకు దగ్గు పట్టుకుంది.

అప్పటికి నేను నాచారంలో కారంపొడి పట్టే ఒక చిన్న ఫ్యాక్టరీలో ప్యాకింగ్ పని చేసేదాన్ని. నాకంటే ముందు అత్తమ్మ కూడా అక్కడే చేసింది. మోకాళ్ళు పట్టేసేదాకా ఏళ్ళ తరబడి కింద కూచొని మిరపకాయల తొడిమలు తీసింది. మా ఆయన ట్రాలీ ఆటో నడుపుతూ ఆ మిర్చి బస్తాలే మోసేవాడు. ఉప్పల్‌లో మేం కిరాయికి ఉన్న రెండు గదుల్లోకి ఎవరు కొత్తగా వచ్చినా గడపలోనే తుమ్మేవాళ్ళు. రోడ్డు మీద ఆ ఫ్లైఓవర్ పిల్లర్ల దుమ్ము, ఏం చేస్తాం అనుకునేవాళ్ళం. మాకెవరికీ తుమ్ము వచ్చేది కాదు. ఒక్క పిల్లకే.

ఆ దగ్గు పోలేదు. తగ్గేది, మళ్ళీ వచ్చేది. వచ్చినప్పుడల్లా అత్తమ్మ దిష్టి తీసేది. ఎండుమిరపకాయలు, గల్లుప్పు గుప్పిట్లో పట్టి పిల్ల చుట్టూ తిప్పుతూ, ఊరోళ్ళ కండ్లు, వాడోళ్ళ కండ్లు, తోవల పోయేటోళ్ళ కండ్లు అని గబగబా చదివేది. "తల్లి కండ్లు" దగ్గరికి రాగానే ఆగి, నన్ను చూసి, ఆ పాము కన్ను మాట మళ్ళీ అనేది. తర్వాత మిరపకాయలు పొయ్యి మీద పెనంలో వేసేది. ఘాటు లేచి అందరూ దగ్గితే దిష్టి లేనట్టు. ఎంత మాడినా ఘాటు రాకపోతే దిష్టి గట్టిగా తగిలినట్టు. ఈ లెక్క మా దిక్కు పసిపిల్లలకు కూడా తెలుసు.

మా ఇంట్లో ఒక్కసారి కూడా ఘాటు రాలేదు. అత్తమ్మ ముక్కు ఎగబీల్చి చూసేది. నేను చూసేదాన్ని. మా ఆయన గడపలో నిలబడి చూసేవాడు. మిరపకాయలు నల్లగా బొగ్గయ్యేవి, మాకేమీ తెలిసేది కాదు. పిల్ల మాత్రం కళ్ళలో నీళ్ళు కారేలా దగ్గేది. దిష్టి తగిలిన పిల్ల దగ్గు లెక్కకు రాదు, అది దిష్టి దిగిపోయే దగ్గు అనేది అత్తమ్మ.

అట్లా నా మీద ఒక్కొక్క కట్టుబాటు పడింది. పిల్ల తినేటప్పుడు నేను చూడకూడదు. నేను ఇంట్లో ఉంటే అది పళ్ళెం పట్టుకొని గోడ వైపు తిరిగి తినాలి. "అటు తిరిగి తిను" అని అత్తమ్మ అనకముందే అది తిరిగేది. నేను దాన్ని మెచ్చుకోకూడదు. ఎవరైనా మెచ్చుకుంటే వెంటనే నేను, ఏం తెలివి, ఉత్త మొద్దు అనాలి. అదీ అత్తమ్మకు వినపడేట్టు. మా ఆయనతో చెప్పుకుంటే, అమ్మ ఏదో పిల్ల మంచికే చెప్తుంది, నీదేం పోయింది అన్నాడు. నాదేం పోయిందో ఆయనకు ఎట్లా చెప్పాలో నాకు తెలియలేదు. అది ఒక మాట అన్నప్పుడు నా మొహం ఎట్లా వెలుగుతుందో అది చూడాలి కదా. చూడకుండా, నేను మొహం తిప్పుకునేదాన్ని.

ఒకసారి ఉప్పల్ దవాఖానాకు తీసుకుపోయాం. డాక్టరమ్మ చిన్నపిల్లే, పిల్ల వీపు మీద గొట్టం పెట్టి విని, ఇంట్లో పొగ గానీ దుమ్ము గానీ ఏమన్నా ఉంటుందా అని నన్ను అడిగింది. నేను నోరు తెరిచేలోగా అత్తమ్మ అందుకుంది. మా ఇల్లు అద్దం లెక్క ఉంటది, దాని తల్లి కండ్లే మంచిగ లేవు అని చెప్పింది. డాక్టరమ్మ తాగే మందు రాసిచ్చింది.

మందు అయిపోయాక ఇంకో సీసా కోసం నేనూ పిల్లా మాత్రమే పోయాం. వచ్చేటప్పుడు మెట్రో కింద నడుస్తున్నాం. పైన రైలు నాగోల్ వైపు పోయింది. దాని నీడ రోడ్డు మీద, ఆటోల మీద, మా మీద పాకుకుంటూ పోయింది. పిల్ల ఆగి తన చేతులు చూసుకుంది, నా చేతులు చూసింది.

"అమ్మ, రైలు నీడ మన మీదికెల్లి పోయింది. మనకేం దెబ్బ తాకలె. చూపు గూడ నీడ లెక్కనే గద? మీద పడ్తది, పోతది. మరి నువ్వు సూస్తె నాకేం తాకుతది?"

నడి రోడ్డు మీద నిలబడిపోయాను. ఎత్తుకొని తిప్పుదామనిపించింది. అక్కడ అత్తమ్మ లేదు, తెలిసినవాళ్ళు ఎవరూ లేరు. అయినా దాని ఛాతీలో పిల్లికూతలా కూ అంటున్న చప్పుడు నాకు వినపడుతూనే ఉంది. నేను మెచ్చుకుంటే మళ్ళీ ఏమన్నా అయితే. "మొద్దుదానా, నడువు" అన్నాను. అది నా మొహం చూడాలని తల ఎత్తింది. నేను పైన రైలును చూశాను.

మర్నాడు ప్యాకింగ్ బల్ల దగ్గర మూతికి తువ్వాలలు కట్టుకున్న ఆడవాళ్ళందరికీ ఆ నీడ మాట చెప్పాను. కళ్ళు తప్ప ఏమీ కనపడని ఆ ముఖాలన్నీ నవ్వాయి. నా బిడ్డను నేను మెచ్చుకున్న చోటు అదొక్కటే. అది అక్కడ లేనప్పుడు.

వానలు పడ్డాక దగ్గు ఇంకా ముదిరింది. అత్తమ్మ మల్కాజిగిరిలో ఉన్న కూతురికి, అంటే మా ఆడబిడ్డకు ఫోన్ చేసింది. ఆమె పిల్లలు ఇద్దరూ పెద్దవాళ్ళై హాస్టళ్ళలో ఉన్నారు. ఎండాకాలంలో మా పిల్ల అక్కడ కొన్నాళ్ళు ఉండి, మంచిగా కండపట్టి వచ్చింది. పిల్లను ఇక నువ్వే తీసుకపో, తల్లి కండ్ల ముందర పెడితే ఇది బతకది అని అత్తమ్మ చెప్పింది. నేను పక్క గదిలో ఉన్నానని ఆమెకు తెలుసు. ఆదివారం ఆడబిడ్డ వస్తుంది. ఆమె ముందు చివరిసారి దిష్టి తీస్తారు. ఘాటు వస్తే పిల్ల నా దగ్గర ఉంటుంది, రాకపోతే మల్కాజిగిరి పోతుంది. మా ఆయన దానికీ సరే అన్నాడు.

ఈలోగా ఒకరోజు మామూలుగా దిష్టి తీస్తుంటే పై అంతస్తులో కిరాయికుండే ఆమె దగ్గు వినపడింది. మెట్ల మీంచి తొంగిచూసి, అక్కా, ఏం మాడగొడుతున్నరు, పానం పోతుంది అంది. ఆమె ఎప్పుడూ అట్లాగే అనేది. ఆ రోజు పిల్ల అత్తమ్మ కొంగు పట్టుకుంది. పైన అక్క దగ్గుతుంది కదా, ఘాటు వచ్చినట్టే కదా అని అడిగింది.

"వాళ్ళు చర్చికి పోయేటోళ్ళు. మన దిష్టి వాళ్ళకు తెల్వది. వాళ్ళ దగ్గు లెక్కకు రాదు."

"పైన ఉన్నోళ్ళు చర్చికి పోతరని మిరపకాయలకెట్ల ఎరుక నానమ్మ?"

అత్తమ్మ దాని మూతి మీద ఒక్కటి కొట్టింది. నన్ను చూసి, నువ్వు నేర్పినవి దీని నోట్లకెల్లి ఊడిపడుతున్నయి అంది. పిల్ల మూతి రుద్దుకుంది. కింది పెదవి చిట్లి కొంచెం రక్తం వచ్చింది. అది ఏడుస్తుందనుకున్నాను. అది ఆలోచిస్తోంది.

"అయితే చర్చికి పోనోళ్ళు ఎవరన్న రావాలె" అంది, తనలో తను అనుకున్నట్టు.

నేను కూడా నాకు తోచింది చేశాను. మా ఫ్యాక్టరీలో తేజ మిర్చి అని ఒక రకం వస్తుంది. చేత్తో పట్టుకుంటేనే మండుతుంది. మేస్త్రీని బతిమాలి ఒక గుప్పెడు కొంగున కట్టుకొని తెచ్చాను. మామూలు మిరపకాయల్లో కలిపి పెట్టాను. ఇవైనా నా పరువు కాపాడతాయి అనుకున్నాను. దారి పొడుగునా షేర్ ఆటోలో పక్కన కూచున్నవాళ్ళు తుమ్ముతూనే ఉన్నారు. నాకేమీ అర్థం కాలేదు.

ఆదివారం పొద్దున ఆడబిడ్డ వచ్చింది. అరటిపండ్లు తెచ్చింది. మంచిదే ఆమె, గొంతు పెద్దది గానీ మనసులో ఏమీ పెట్టుకోదు. చాయ్ తాగాక అత్తమ్మ పిల్లను గది నడుమ కూచోబెట్టి దిష్టి తిప్పి, మిరపకాయలు పెనంలో వేసింది. అందరం నిలబడ్డాం. కాయలు ఉబ్బాయి, నల్లబడ్డాయి. నేను ముక్కు పుటాలు అదిరేలా పీల్చాను. ఏమీ లేదు. తేజ మిర్చి కూడా నన్ను మోసం చేసింది. అత్తమ్మ నా వైపు తిరిగి చూసింది. ఇగ అయిపోయింది అనుకున్నాను.

అంతలో ఆడబిడ్డ దగ్గింది. కొంగు మూతికి అడ్డం పెట్టుకుంది, ఆగలేదు. కళ్ళు ఎర్రబడి, నీళ్ళు కారుతూ, ఒక చేత్తో గోడ పట్టుకొని గల్లీలోకి పోయి అక్కడ వంగి దగ్గుతూనే ఉంది. పిల్ల తనూ దగ్గుతూనే లేచి గడపలోకి ఉరికింది.

"అత్త దగ్గింది. అత్త చర్చికి పోదు, అత్త మనోళ్ళే. ఘాటొచ్చింది నానమ్మ. మీ ముక్కులే ఖరాబైనయ్. అమ్మ కండ్లల్ల ఏం లేదు."

నేను కొంగు నోట్లో కుక్కుకున్నాను. ఏ మాట బయటికి వస్తుందోనని. ఇంత పిల్ల, ఆదివారం దాకా ఆ మాట కడుపులో పెట్టుకొని అత్త కోసం కాచుకుంది. ఆడబిడ్డ గల్లీలోంచే, దగ్గు మధ్యలో, ఓసి నీ, వకీలు లెక్క మాట్లాడుతున్నవ్ గదనే అంది. మా ఆయన తల కిందికి వేసుకొని నవ్వాడు. అత్తమ్మ మాత్రం పొయ్యి ఆర్పి, పెనం దించి, చేతులు కొంగుకు తుడుచుకుంది.

"సరే. తల్లి కండ్లు కాకపోతే మరి నీకు దగ్గెందుకొస్తుందే? గంత తెలివైతే అది గూడ చెప్పు."

ఆమె ఎత్తిపొడుపుగా అంది. పిల్ల దాన్ని నిజంగా అడిగిన ప్రశ్న అనుకుంది. ఒంటికాలి మీద నిలబడి, రెండో పాదంతో పిక్క గోక్కుంటూ ఆలోచించడం మొదలుపెట్టింది. దానికి ఏదో దొరుకుతుందని నాకు తెలుసు. ఏమంటుందో వినాలని నాకెంత ఆశగా ఉండిందంటే, భయపడాలని తోచనే లేదు.

"అత్త ఇంట్ల ఉన్నప్పుడు దగ్గు రాలె. అమ్మ డ్యూటీకి పోయినప్పుడు బయట ఆడుకుంట గద, అప్పుడు రాదు. అమ్మ వచ్చి ఎత్తుకుంటే వస్తది." నా దగ్గరికి వచ్చి కొంగు పట్టుకొని వాసన చూసింది. వెంటనే తుమ్మింది. తుమ్మి, సంతోషంగా అత్తమ్మ వైపు తిరిగింది. "కండ్లు కాదు నానమ్మ. అమ్మనే."

అత్తమ్మ మోకాళ్ళు పట్టుకొని మెల్లగా పీట మీద కూచుంది.

"విన్నవా? నేను పాపం కండ్లే అన్న. నీ బిడ్డ ఒళ్ళంత అంటుంది."

మధ్యాహ్నం అన్నాలయ్యాక పిల్ల బట్టలు సర్దారు. నేను ముట్టుకుంటే మళ్ళీ దగ్గొస్తుందని, అత్తమ్మే సర్దింది. ఆటో దాకా పోయాను. అది ఏడవలేదు, నన్ను ఏడవనివ్వలేదు. నాకు ఒక పని అప్పజెప్పినట్టు చెప్పింది. మిర్చి పని బంద్ చేయి అమ్మ, వాసన పోయినంక రా, నేనొస్త అంది. అంతకంటే సరైన మాట ఎవరు చెప్పగలరు? ఆటో మలుపు తిరిగాక కూడా నేను అదే అనుకుంటూ నిలబడ్డాను.

నేను పని మానతానంటే అత్తమ్మ ఇంట్లో యుద్ధం చేసింది. నేను మోకాళ్ళు పోయేదాక చేసిన, నా పిల్లలు సచ్చిన్రా అంది. మా ఆయన ఎప్పటిలాగే ఇద్దరి మధ్య గోడలా కూచున్నాడు. అయినా వెతుక్కున్నాను. నాచారంలోనే ఇంకా లోపలికి, ప్లాస్టిక్ డబ్బాలకు మూతలు బిగించే చోట పని దొరికింది. మా ఆయన కూడా ఆటోలో మిర్చి కాకుండా వేరే సరుకు వేసుకునేలా చేశాను, అది వేరే కథ. పాత పని చీరలు ఇచ్చేశాను. బొంతలు ఉడకబెట్టిన నీళ్ళలో తొక్కాను. గోడలకు సున్నం వేశాను. రోజూ తలకు కుంకుడుకాయ, చేతులకు నిమ్మచెక్క.

కానీ వాసన పోయిందో లేదో నాకెట్లా తెలుస్తుంది? నా ముక్కు చచ్చిపోయింది. అందుకని పై ఇంటామె దగ్గరికి పోయేదాన్ని. మెట్ల మీద నిలబడి చేతులు చాపేదాన్ని. ఆమె వంగి మణికట్టు దగ్గర, మెడ దగ్గర వాసన చూసేది. పాపం, ఒక్కసారి కూడా విసుక్కోలేదు. ఇంక ఉన్నదక్క అనేది. ఇంకొన్నాళ్ళకు పోయేదాన్ని. జర తగ్గింది గని ఉన్నదక్క అనేది. దసరా దాటాక ఒకరోజు చాలాసేపు చూసి, ఇప్పుడు ఉత్త సబ్బు వాసనే అంది.

ఆ ఆదివారమే మల్కాజిగిరి పోయాను. అత్తమ్మ కూడా, తన కూతురి ఇల్లు కదా, తనూ వస్తానని బయల్దేరింది. పిల్లను అప్పటికే అక్కడి బడిలో వేశారు. నన్ను చూసి ఉరికొచ్చింది, కానీ చేతికందేంత దూరంలో ఆగిపోయింది. చెయ్యి చాపమంది. అరచెయ్యి వాసన చూసింది, మోచెయ్యి చూసింది, నన్ను వంగమని జడ కొన పట్టుకొని చూసింది. నేను ఊపిరి బిగబట్టి వంగే ఉన్నాను.

వాసన లేదు అంది. అయితే పోదాం పా బిడ్డ అన్నాను. పోదాం గానీ ఒకటి అడుగుతా అంది. మళ్ళీ ఒంటికాలి మీద నిలబడింది.

"ఈడ అత్త రోజు నన్ను మస్తు తెలివిగల్లదానివంటది. మామ అంటడు. బడిల మేడం గూడ అంటది. నాకు ఒక్కనాడు దగ్గు రాలె. అంటే మెచ్చుకుంటే దగ్గు రాదు." ఆగింది. "మరి నువ్వెందుకు ఒక్కసారన్న అనలె? మెట్రో కింద మనిద్దరమే ఉన్నం. నానమ్మ గూడ లేదు."

అత్తమ్మ కుర్చీలో కూచొని ఉంది. నేను ఆమె వైపు చూడలేదు. అందరూ వింటుండగా, దాని మొహంలోకి సూటిగా చూసి చెప్పాను.

"నువ్వు మస్తు తెలివిగల్లదానివి బిడ్డ."

అది నా మొహాన్ని చాలాసేపు చూసింది, అరచెయ్యి వాసన చూసినట్టే.

"నేనడిగినంక అంటే లెక్కకు రాదు" అంది.

ఆడబిడ్డ వంటింట్లోంచి పకపకా నవ్వింది. వకీలమ్మ తీర్పు ఇచ్చిందిరా అంది. నిజమే, ఆ తీర్పులో తప్పు ఎక్కడుంది? ఆ మాట నన్ను నొప్పించింది. ఆ నొప్పిలోనే, ఎంత బాగా అన్నది, ఎంత సూటిగా అన్నది అని లోపల పొంగిపోతూనే ఉన్నాను. రెండూ ఒక్కసారే అవుతాయని అంతకుముందు నాకు తెలియదు.

పిల్ల అక్కడే ఉంటానంది. బడి నడుమ తియ్యొద్దు, ఈ ఏడాది ఉండనియ్యి అని ఆడబిడ్డ అంది. ఏడాదేంది, ఇల్లు అలవాటైన పిల్లను కదిలిస్తరా అని అత్తమ్మ అంది. మా ఆయనకు ఫోన్ చేస్తే, మీ ఇష్టం అన్నాడు. ఇప్పుడు అది ఐదో తరగతి, ఇంకా అక్కడి నుంచే బడికి పోతోంది.

ఆ ఆదివారం మధ్యాహ్నం ఆడబిడ్డ అందరికీ అన్నం పెట్టింది. పిల్ల తన పళ్ళెం తెచ్చుకొని వాళ్ళ అత్తకు ఎదురుగా కూచుంది. కలుపుకుంది. ముద్ద ఎత్తబోతూ నేను చూస్తున్నానని గమనించింది. పళ్ళెం రెండు చేతులతో పట్టుకొని, మెతుకు కింద పడకుండా జాగ్రత్తగా, గోడ వైపు తిరిగి కూచుంది. ఇటు తిరుగు బిడ్డ, ఇప్పుడు అదేం లేదు అన్నాను. అది తల ఊపింది గానీ తిరగలేదు. తినడం మొదలుపెట్టింది.

నేను దాని వీపు చూస్తూ కూచున్నాను. రెండు జడలు సమానంగా, నున్నగా వేసి ఉన్నాయి. నేను వేస్తే ఎప్పుడూ ఒకటి వంకర పోయేది.